తలుపు దగ్గర సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందని ఫోను వచ్చేసరికి నా కత్తి కింద ఒకాయన గడ్డం సగం ఉంది. మిగతా సగం ఎలా తీశానో నాకు గుర్తు లేదు. ఆయనకు మాత్రం బాగా గుర్తుంది. అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుని, "క్యా మియా, ఈ పక్క షేవింగు, ఆ పక్క సెలవా?" అన్నాడు. మామూలు రోజైతే నేను ఊరుకునేవాణ్ణి కాదు. యాకుత్‌పురా స్టేషను దగ్గర నా డబ్బా కొట్టుకు జనం వచ్చేది సగం గడ్డానికి, సగం నా నోటికి. ఆ రోజు నోట్లోంచి జోకు రాలేదు. "మాఫ్ కరో చాచా" అని మళ్ళీ సబ్బు రాశాను.

ఆమె నాకు చుట్టం కాదు. అసలు పేరు ఏవో కాగితాల మీద ఉండే ఉంటుంది. కాగితాలకూ నాకూ చాలా దూరం. ఏడో తరగతిలో నేనూ లెక్కల సారూ ఒకరినొకరు భరించలేకపోయాం. ఆయన ఉద్యోగం మానలేడు కనుక నేనే బడి మానేశాను. అప్పటి నుంచి నాకు తెలిసిన చదువంతా తలలు చూసి నేర్చుకున్నదే.

సిస్టరమ్మ సర్కారు దవాఖానలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసింది. రిటైరయ్యాక మా గల్లీ వెనక తన ఇంట్లోనే తొమ్మిది మంచాలు వేసి, చూసేవాళ్ళు లేని ముసలివాళ్ళను పెట్టుకుంది. వాళ్ళ గడ్డాలు, తలలు చూడటానికి పదిహేను రోజులకోసారి నేను వెళ్ళేవాణ్ణి.

మొదటిసారి వెళ్ళినప్పుడు గడప దగ్గరే ఆపేసింది. ఎడమ పక్కన ఒక బకెట్టు, చెంబు, సబ్బు ముక్క.

"ముందు కాళ్ళు, తర్వాత కబుర్లు" అంది.

కాళ్ళు కడుక్కున్నాను. "చేతులు" అంది. కడుక్కున్నాను. "సామాను" అంది. ఇచ్చాను. కత్తి, కత్తెర, దువ్వెన అన్నీ ఒక గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు కుతకుతమంటున్నాయి.

"సిస్టరమ్మా, ఉప్పు ఎయ్యమంటరా?" అన్నాను.

"నీ నోట్లో వేసుకోవయ్యా. కాసేపన్నా మూసుకుంటుంది."

దువ్వెన ప్లాస్టిక్‌దన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం. బయటికి తీసేసరికి జిలేబీలా మెలితిరిగి ఉంది. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. పదిహేను రోజుల తర్వాత వెళ్ళేసరికి నా కోసం స్టీలు దువ్వెన కొని ఉంచింది. ఒక తలకు ఒక బ్లేడు, ఒక మనిషికి ఒక తువ్వాలు. ఆ ఇంట్లో అదే చట్టం. తలుపు దగ్గర ఆమె కూర్చుని ఉంటే మా కార్పొరేటరైనా కాళ్ళు కడుక్కోవాల్సిందే. కడుక్కున్నాడు కూడా, నేను చూశాను.

ఆమె మాట ఒక కిచిడీ. పుట్టింది ఒంగోలు వైపు, బతికింది పాతబస్తీలో. "మస్తు" అనే మాట ఎక్కడ వాడాలో చివరిదాకా ఆమెకు పట్టుబడలేదు. "ఆ తాతకు మస్తు విరేచనాలయ్యా" అనేది, పాపం, దిగులుగా. నేను నవ్వితే ఎందుకు నవ్వుతున్నానో అర్థమయ్యేది కాదు.

మాట్లాడుతూ ఎదుటి మనిషి మణికట్టు పట్టుకోవడం ఆమెకు అలవాటు. భుజం దగ్గర చీరకు తలకిందులుగా వేలాడే నర్సు గడియారం ఒకటుండేది. "మీ అమ్మ ఎలా ఉంది?" అని అడుగుతూనే రెండు వేళ్ళు నాడి మీద వేసేది. "మంచిగనే ఉంది" అంటే గడియారం వంక చూసి, "తొంభై ఆరు. అబద్ధం. ఏమైంది చెప్పు" అనేది. ఆ వారం నిజంగానే మా అమ్మకు బాగా లేదు. ఇంట్లో నా భార్యకు కూడా చెప్పని సంగతి ఆ రెండు వేళ్ళకు దొరికిపోయింది.

"సిస్టరమ్మా, పెండ్లిచూపులల్ల మీరు నా పెండ్లాం చెయ్యి గిట్ల పట్టి చూసుంటే నేను బతికిపోతుంటి" అన్నాను ఒకసారి.

"నీ చెయ్యి పట్టి చూసుంటే ఆ పిల్ల బతికిపోయేది" అంది.

ఇక పర్సోం సంగతి చెప్పాలి. హిందీ పుస్తకంలో పర్సోం అంటే మొన్న. మా పాతబస్తీలో పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, మా తాత పెళ్ళినాటి సంగతీ కావచ్చు. జరిగిపోయిందంటే చాలు, అది పర్సోం. మాకు దానితో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది సిస్టరమ్మకు వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక తల్లి పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చి "పర్సోం నుంచి బుఖార్" అందట. ఈమె చీటీ మీద రెండు రోజుల జ్వరమని రాసిందట. అది పన్నెండు రోజుల టైఫాయిడ్. ఆ పిల్లవాడు దక్కాడో లేదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అప్పటి నుంచి పాలవాడైనా సరే, డాక్టరైనా సరే, పర్సోం అనే మాట నోట్లోంచి జారితే చాలు, వెంటనే అడిగేది.

"మీ పర్సోమా, క్యాలెండర్ పర్సోమా?"

మేమంతా ఆమె మాటను ఎక్కిరించేవాళ్ళం. ఎక్కువ ఎక్కిరించింది నేనే.

తర్వాత ఆమె మోకాళ్ళు అరిగాయి. ర్యాంపు కట్టాలి, మంటలార్పే సిలిండర్లు పెట్టాలి, ఇన్ని రిజిస్టర్లు రాయాలి అని ఆఫీసుల నుంచి కబుర్లు మొదలయ్యాయి. అలాంటప్పుడు ఒకాయన వచ్చాడు. అప్పటికే ఊరి చివర జల్‌పల్లిలో ఇలాంటి ముసలివాళ్ళ హోమే ఒకటి నడుపుతున్నాడట. ఆ రోజు నేను లోపల గడ్డాలు తీస్తున్నాను. తెల్ల బూట్లు. బకెట్టు వంక చూసి, పక్క నుంచి దాటి లోపలికి వచ్చేశాడు. ముసలివాళ్ళ వంక చూడలేదు, పైకప్పు వంక చూశాడు. "అమ్మా, మీరు ఎప్పటిలాగే ఉండండి. తిరుగుడంతా మాది" అన్నాడు. ఇల్లూ హోమూ రెండూ ఆయన పేరు మీదికి పోయాయి. సిస్టరమ్మకు తలుపు పక్క గదిలో ఒక మంచం, ఉన్నన్నాళ్ళూ తిండి. తన ఇంట్లో తనే పేషెంటుగా చేరిన ఓనరును నేను ఆమె ఒక్కతెనే చూశాను.

ఆయన మళ్ళీ రాలేదు. ఆయన తరఫున ఒక మేనేజరు వచ్చేవాడు. వస్తూనే ఒక పెద్ద బోర్డు పెట్టించాడు. దాని మీద ఒక ముసలాయన నవ్వుతుంటాడు, ముప్ఫై రెండు పళ్ళతో. లోపల ఉన్న తొమ్మిది మందికీ కలిపి లెక్కేసినా అన్ని లేవు. బకెట్టు తీయించి గోడకు ఒక సీసా బిగించాడు, నొక్కితే మందు వస్తుందట. నెల తిరిగేసరికి గాలి వచ్చేది. సిస్టరమ్మ బకెట్టు మళ్ళీ తెచ్చి పెట్టుకుంది.

అసలు మార్పు ఆయమ్మల దగ్గర జరిగింది. ఇంతకు ముందు ఇద్దరు ఆయమ్మలు ఇంట్లోనే ఉండేవారు. ఇప్పుడు పొద్దున మా దగ్గర చేసినామెనే మధ్యాహ్నం వ్యానులో జల్‌పల్లి హోముకు తీసుకుపోయేవాళ్ళు. రెండిళ్ళకూ కలిపి నలుగురు. "ఒకే కత్తితో రెండు గల్లీల గడ్డాలు తీసినట్టుంది కదయ్యా" అని నాతో అంది. నా భాషలో చెప్తే నాకు అర్థమవుతుందని.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం ఆమె గడపలో కుర్చీ వేసుకుంది. నీలం ప్లాస్టిక్ కుర్చీ. పొద్దున్నే స్నానం చేసి, మాస్కు కట్టుకుని, వచ్చి కూర్చునేది. ఆయమ్మల్లో యాదమ్మ అనే ఆమెను పిలిచి, "ఇక్కడే ఉండిపోతావా? నా మంచం నీకిస్తాను. వెళ్ళొస్తూ ఉంటానంటే మాత్రం వద్దు" అంది. యాదమ్మకు ఇంట్లో ఇద్దరు పిల్లలు. తల్లి దగ్గర వదిలి వచ్చింది. కూరగాయలు కిటికీలోంచి లోపలికి. పాలు కిటికీలోంచి. మేనేజరు వచ్చినా మాట్లాడేది గేటు బయటి నుంచే.

"యాదమ్మను పంపుండ్రి సిస్టర్. ఇద్దరు రాక బంద్ చేసిండ్రు. జల్‌పల్లిల ఒక్కతే ఉన్నది, పదహారు మంది పేషెంట్లు" అంటాడు.

"అయితే ఇంకొకరిని పెట్టుకోండి. ఒకే మనిషిని రెండిళ్ళకు తిప్పొద్దు. అక్కడెవరికో దగ్గుందని విన్నాను."

"కూలర్ గాలికి దగ్గు. మీరు ఫికర్ చేయకుండ్రి."

"మీ సారుతో మాట్లాడించు."

"సార్ బిజీ ఉన్నడు."

"మరి ఎప్పుడు ఖాళీ? నేను చచ్చాకనా?"

రోజూ ఇదే లొల్లి. నేను ఎదురు గోడ మీద కూర్చుని చూసేవాణ్ణి. కొట్టు మూత, నాకు మాత్రం ఏం పని? ఆ తలుపు మీద ఆమెకు కాగితం లెక్కన ఏ హక్కూ లేదు. మేనేజరు తలచుకుంటే కుర్చీతో సహా పక్కకు జరపొచ్చు. కానీ జరపలేకపోయాడు. పద్దెనిమిది రోజులు ఆ గడప ఎవరూ దాటలేదు. పక్క గల్లీల్లో రోజుకో ఇంటి ముందు ఆంబులెన్సు ఆగుతుంటే, ఆ ఇంట్లో తొమ్మిది మందికీ ఒంటి మీద వేడి లేదు. ఆమె అడుగుతున్నదీ ఒక్కటే, తొమ్మిది మందీ ఎండాకాలం దాటాలని.

అప్పుడు మేనేజరు నాకు ఫోను చేశాడు. ముసలివాళ్ళ ఇళ్ళవాళ్ళు ఫొటోలు అడుగుతున్నారట. గడ్డాలు పెరిగి రోగిష్టుల్లా ఉన్నారు, కొంచెం సాపు చెయ్యి అన్నాడు. ముందు జల్‌పల్లి వెళ్ళి, తర్వాత ఇక్కడ చెయ్యమన్నాడు. వెళ్ళాను. పన్నెండు మందికి చేశాను. అందులో ఒకాయన సబ్బు రాస్తున్నంతసేపూ దగ్గాడు. కూలర్ గాలి అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

మర్నాడు కండక్టర్ తాత ఫోను. ఆర్టీసీలో కండక్టరుగా చేసిన మనిషి, మూడో మంచం. గడ్డం అయిపోగానే కుర్చీ చెయ్యి మీద రెండు దెబ్బలు కొట్టి, "రైట్ రైట్, పోనియ్" అనేవాడు. ఆయన మనవరాలి పెళ్ళి కరీంనగర్‌లో. లాక్‌డౌను కనుక ఇరవై మందితో చేస్తున్నారు. తాతకు ఫోనులో చూపిస్తామన్నారు.

"బిడ్డా, రేపు పొద్దుగాల పిల్ల పెండ్లి. నా మొఖం చూస్తే ఎలుగుబంటి వచ్చిందని పీటల మీదికెల్లి ఉరుకుతది. జర వచ్చిపో" అన్నాడు.

"ఎలుగుబంటి టికెట్ కొట్టుడు నేనెన్నడు చూడలే తాతా, వస్త" అన్నాను.

వెళ్ళాను. జల్‌పల్లి వెళ్ళి వచ్చి అప్పటికి సరిగ్గా రెండు రోజులు.

సిస్టరమ్మ కుర్చీలోంచి లేవలేదు. ఆరడుగుల దూరంలో నిలబెట్టింది. లోపల తాత కనపడుతున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడ చుట్టూ తువ్వాలు తనే కట్టుకుని, నిటారుగా కూర్చున్నాడు.

"జ్వరం ఉందా?" అంది.

"లేదు సిస్టరమ్మా."

"దగ్గు?"

"నా జోకులకు మీకే వస్తది, నాకు రాదు."

"అవతలి హోముకి వెళ్ళావా?"

నేను లేదనలేదు. లేదంటే అబద్ధం. నిన్న కాక మొన్న అనీ అనలేదు. మా గల్లీ మాట ఒకటి ఉంది కదా, దాని వెనక దాక్కున్నాను.

"పర్సోం పోయిన."

"మీ పర్సోమా, క్యాలెండర్ పర్సోమా?"

"క్యాలెండర్‌కు కరోనా వచ్చి క్వారంటైన్ల పడ్డది సిస్టరమ్మా. ఇప్పుడు మాదొక్కటే నడుస్తున్నది."

నవ్వింది. మాస్కు ముందుకూ వెనక్కూ ఆడింది. నవ్వుతూనే, అలవాటు కొద్దీ, రెండు వేళ్ళు నా చేతి వైపు చాపింది. నేను కూడా చెయ్యి ముందుకు పెట్టబోయాను. అంతలో ఆమెకే గుర్తొచ్చింది, ఎవరినీ ముట్టుకోకూడదని. తను పెట్టిన రూలే. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు నా నాడి నూటపది దాటి ఉంటుంది.

కాళ్ళు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను. సామాను కిటికీలోంచి ఇస్తే యాదమ్మ మరిగించింది. సిస్టరమ్మ కుర్చీ పక్కకు జరిపింది. నేను లోపలికి వెళ్ళాను.

తాత మాస్కు తీస్తే గాని గడ్డం తీయలేను కదా. తీశాడు. మీసాలు కత్తిరించి, నున్నగా చేసి, పౌడరు రాశాను. "పెండ్లికొడుకును పక్కకు జరిపి నిన్నే కూసోబెడ్తరు తాతా" అన్నాను. అందరూ నవ్వారు. ఇంకో నలుగురికి కూడా చేశాను. తాత కుర్చీ మీద దెబ్బలు కొట్టి రైట్ రైట్ అన్నాడు.

మూడో రోజు పొద్దున నాకు సబ్బు వాసన రాలేదు. డెటాల్ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నీళ్ళలా ఉంది. ఆ పగలంతా ఫోను చేయలేదు. ఏం చెప్పాలో తెలియక కాదు. ఆ పగలంతా చేయలేదు, అంతే. దీనికి నా దగ్గర జోకు లేదు. సాయంత్రం చేశాను.

"సిస్టరమ్మా, నాకు వాసన వస్తలేదు."

"ఎప్పటి నుంచి?"

"పొద్దటి నుంచి. సిస్టరమ్మా, నేను..."

"జ్వరం ఎంత ఉంది? ఊపిరి ఆడుతోందా? ఇంట్లో పిల్లల్ని దూరంగా పడుకోబెట్టు. నీళ్ళు బాగా తాగు. బోర్లా పడుకో. వేలికి పెట్టే మిషను ఎవరి దగ్గరన్నా దొరుకుతుందేమో చూడు. తొంభై నాలుగు కన్నా తగ్గితే నాకు ఫోను చెయ్యి, పగలైనా సరే, రాత్రైనా సరే." అన్నీ చెప్పాక, "ఇక పెట్టేస్తాను. తాత మంచం విడిగా వెయ్యాలి. మధ్యాహ్నం నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది ఆయనకు" అంది.

ముందు నాకు మందు చెప్పి, తర్వాత తాత మంచం దగ్గరకు వెళ్ళింది.

తాతను తీసుకుపోవడానికి హోము వ్యాను రాలేదు. జల్‌పల్లిలో తిరుగుతోందన్నారు. ఆటోలో యాదమ్మ పట్టుకుని కూర్చుంటే వెళ్ళాడు. మూడు దవాఖానలు తిరిగాక నాలుగో దాంట్లో మంచం దొరికింది. రెండు రోజులుండి పోయాడు. అప్పటికి పెళ్ళి జరిగి వారం. తర్వాత ఇంకో ముగ్గురు పోయారు. నేను గడ్డం చేసినవాళ్ళలో ఇద్దరు, చేయని ఒకామె. సిస్టరమ్మకూ వచ్చింది, యాదమ్మకూ వచ్చింది. వాళ్ళిద్దరూ లేచారు. జల్‌పల్లి హోములో ఎంతమంది పోయారో నాకు ఎవరూ చెప్పలేదు.

ఎంక్వయిరీకి ఒక ఆఫీసరు వచ్చాడు. ఈ సంగతి తర్వాత యాదమ్మ చెప్పింది నాకు. బయటి మనుషులు ఎవరొచ్చారని ఆఫీసరు అడిగితే మేనేజరు, "మంగలాయన వచ్చిండు సార్, పేషెంట్లే పిలిపించుకున్నరు, మాకు తెల్వదు" అన్నాడట. అప్పుడు సిస్టరమ్మ మంచం మీద నుంచి లేచి, గోడ పట్టుకుని నిలబడి, "అతన్ని పంపింది మీరు. అక్కడి నుంచి ఇక్కడికి పంపింది మీరు. తలుపు తీసింది నేను" అందట. ఆఫీసరు మూడో మాట రాసుకున్నాడు. మొదటి రెండూ రాసుకున్నాడో లేదో తెలియదు. ఆమె సంతకం తీసుకున్నాడు. అంతే. ఆ రోజు నుంచి ఎవరు ఏమడిగినా హోమువాళ్ళు ఆ సంతకమే చూపించారు. మా రూల్సన్నీ ఉన్నాయి, ఆ ముసలామె మాట వినక తలుపు తీసింది అని. నెలలోపు ఆమెను ఆ ఇంట్లోంచి పంపించారు. ఆమె కట్టుకున్న ఇంట్లోంచి. ఆమె అక్క కూతురు అదే జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొనుక్కుని ఇల్లు వేసుకుంది, అక్కడికి తీసుకుపోయింది.

నేను వెళ్ళలేదు. బస్సెక్కితే అరగంట. ఏడాది పట్టింది.

వెళ్ళేసరికి జుట్టు పలచబడి, మనిషి సగమైంది. "కొంచెం పొట్టిగా కత్తిరించవయ్యా, చిక్కు తీసుకోలేకపోతున్నాను" అంది. వెనక నిలబడి కత్తిరిస్తూ చెప్పాను. ముఖం చూస్తూ అయితే చెప్పలేకపోయేవాణ్ణి.

"సిస్టరమ్మా, గా రోజు నేను పర్సోం అన్నది... నిజంగనే రెండు రోజులే. జల్‌పల్లి హోముకు పోయి రెండు రోజులే అయింది."

"తెలుసు."

కత్తెర ఆగిపోయింది.

"ఆ రోజే తెలుసు. ఏళ్ళ తరబడి నీ చేత కాళ్ళు కడిగించడానికి నీ వెంట పడ్డాను. ఆ రోజు నేను చెప్పకుండానే కడుక్కున్నావు. రెండుసార్లు. అప్పుడే అనుకున్నాను."

"మరి ఎందుకు పోనిచ్చిన్రు?"

బయట ఎవరో బోరు వేయిస్తున్నారు, ఆ చప్పుడు.

"తాత పొద్దున ఐదింటికే చొక్కా వేసుకుని కూర్చున్నాడయ్యా. తువ్వాలు కూడా తనే కట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేశాను. ఆ ఒక్క నిమిషం చేయలేకపోయాను."

"గట్లయితే అంతా మీ మీద ఎందుకు రాసుకున్నరు? నా పేరు చెప్పేది ఉండె. సారు పేరు చెప్పేది ఉండె."

"చెప్పాను. రాసుకోలేదు. తలుపు దగ్గర నేను కనపడ్డాను, కత్తి పట్టుకుని నువ్వు కనపడ్డావు. ఆయన ఎక్కడా కనపడలేదు. కనపడనివాడి మీద రాయడానికి వాళ్ళ కాగితంలో చోటు లేదు." మెడ మీది వెంట్రుకలు దులుపుకుని, "తాత మనవరాలు నాకు ఫోను చేస్తుంది. మొదటిసారి తిట్టడానికి చేసింది. ఇప్పుడు ఆదివారం ఆదివారం చేస్తుంది. తన పెళ్ళి వల్లే తాత పోయాడని లోపల పెట్టుకుంది ఆ పిల్ల. నిన్ను ఎప్పుడన్నా కలిసి అడిగితే మాత్రం జోకు వెయ్యకు" అంది.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను. జుట్టు కత్తిరించాను. ఆ సంగతి మళ్ళీ ఆమె ఎత్తలేదు. నన్ను అడగడానికి ఎవరూ రాలేదు, వెతుక్కుంటూ నేనూ వెళ్ళలేదు.

సిస్టరమ్మ మట్టికి పదిహేను మంది వచ్చారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. యాదమ్మ వచ్చింది, చేతులు రెండూ పైటలో చుట్టుకుని నిలబడింది. అందరూ పిడికెడు మట్టి వేసి కదులుతుంటే, చేతిలో ఫైలు పట్టుకుని ఒకమ్మాయి నా దగ్గరకు వచ్చింది.

"మీరే కదా అన్నా, తాతకు గడ్డం చేసింది? పెండ్లిల ఫోన్ల చూసిన. మస్తు కళగున్నడు. ఎన్నడు కలువలే మిమ్మల్ని, థాంక్స్ చెప్దామంటే."

నా నోట్లో ఆ క్షణాన కనీసం నాలుగు మాటలు తయారుగా ఉన్నాయి. నవ్వించి బయటపడే మాటలు. నాకు అవి ఎప్పుడూ తయారుగానే ఉంటాయి.

"చెల్లే, థాంక్స్ చెప్పకు" అన్నాను. "నేను అంతకు రెండు రోజుల ముందు జల్‌పల్లి హోముల గడ్డాలు చేసి వచ్చిన. ఆడ ఒకాయన దగ్గుతుండె. సిస్టరమ్మ అడిగితే మాట దాటేసి లోపలికి పోయిన. తాతకు జబ్బు నా చేతుల మీదికెల్లి వచ్చింది. నీ పెండ్లి వల్ల కాదు."

ఆమె ఫైలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. తర్వాత అడిగింది.

"తాతకు తెలుసునా?"

"తెల్వదు."

"మంచిది" అంది. కళ్ళు తుడుచుకుని, ఇంకోటి అడిగింది. "మిమ్మల్ని ఆడికెల్లి ఈడికి ఎవరు పంపిండ్రు?"

చెప్పాను. ఫొటోల సంగతి, మేనేజరు ఫోను, రెండు హోములకూ ఒకే వ్యాను, నలుగురే ఆయమ్మలు, పద్దెనిమిది రోజులు కుర్చీ వేసుకుని సిస్టరమ్మ చేసిన లొల్లి, అన్నీ.

"మా కంప్లైంట్ ఇంక నడుస్తున్నది అన్నా. ప్రతిసారి వాళ్ళు సిస్టరమ్మ సంతకం తెచ్చి ముందట పెడ్తున్నరు. మీరు చెప్పింది రాసిస్తరా?"

"నాకు రాత అంత మంచిగ రాదు చెల్లే."

"చదవనీకి వస్తే చాలు."

ఫైలు లోంచి తెల్ల కాగితం తీసి ఇచ్చింది. శ్మశానం ప్రహరీ గోడ మీద పెట్టుకుని రాశాను. ఏడో తరగతి రాత, ఒత్తులు ఎక్కడ పెట్టానో నాకే తెలియదు. నేను చేసింది రాశాను. మేనేజరు చెప్పింది అతని పేరుతో సహా రాశాను. అతనికి చెప్పింది ఎవరు అన్న దగ్గరకు వచ్చేసరికి కలం ఆగిపోయింది. ఓనరు పేరు నాకు తెలియదు. యాదమ్మను అడిగాను, ఆమెకూ తెలియదు. మేనేజరు, ఆయమ్మలు, మేము, ఇన్నేళ్ళూ అందరం సారు అనే అన్నాం. ఆ పేరు తెలిసిన ఒక్క మనిషిని అప్పుడే మట్టిలో పెట్టి వచ్చాం.

'సారు' అని రాసి సంతకం పెట్టాను.

తాత మనవరాలు మొదటి నుంచి చివరిదాకా నిలబడే చదివింది. నా దగ్గర కలం తీసుకుని ఆ ఒక్క మాట కింద గీత గీసింది.

"ఈ పేరు నేను కనుక్కుంట" అంది.